బీరు సబ్బు వాసన

కింది వాటా,
వంటింటి స్టూలు మీంచి

చెల్లికి,

ముందే చెబుతున్నా, నాకు ఫోను చెయ్యకు. సగం మాటలే వినపడతాయి. వినపడని సగంలోనే చెడ్డకబురు ఉందనిపించి ఆ పూటకి అన్నం దిగదు. ఉత్తరమైతే ఎన్నిసార్లయినా చదువుకోవచ్చు. నీ రాత కోడి గీకినట్టుంటుంది, ఫరవాలేదు, నాదీ అంతే.

ముసలివాళ్ళ హోములో మీ బావ మంచం కిటికీ పక్కన వేశారన్నావు. ఆ కిటికీకి ఊచలున్నాయా? చెవుల్లోకి గాలి పోతే ఆయనకి దగ్గొస్తుంది. రాత్రి లేచి ఎటువైపు దిగుతారో చూసి అటుపక్క చెప్పులు పెట్టమను. ఎడమ చెప్పు వారు తెగేటట్టుంది, నేను కుట్టిద్దామనుకుంటూనే ఉన్నా. పాలు చల్లారిపోతే తాగరు, అడగరు కూడా, అలాగే వదిలేస్తారు. ఎవరైనా చూసుకుంటున్నారా?

అసలు సంగతి. స్నానం చేస్తున్నారా? ఇక్కడ చివరి రోజుల్లో నీళ్ళంటేనే భయం పట్టుకుంది. ఆ రోజు నేను చెంబుతో నీళ్ళు పోస్తుంటే "ఎవరు నువ్వు, నా చొక్కా ఎందుకు విప్పుతున్నావు" అని ఒక్క తోపు తోశారు. నా తుంటి విరిగింది, ఆయన్ని హోముకి పంపాల్సొచ్చింది. ఆయన తప్పేం లేదులే, గచ్చు నాచు పట్టి ఉంది. హోములో అడిగితే మా అక్క తనే జారిపడిందని చెప్పు. తోసే మనిషని తెలిస్తే కట్టేస్తారేమో.

డాక్టరు వచ్చే నెల నడవచ్చన్నాడు. నడవగానే బస్సెక్కి వచ్చేస్తా. నీ కుట్టుమిషను పక్కన ఇంత చాప వేస్తే చాలు, రోజూ నేనే వెళ్ళి స్నానం చేయిస్తా. పిల్లలు లేనివాళ్ళం, ఆయనకి నేను కాక ఎవరున్నారు. అంతదాకా నువ్వే దిక్కు.

మీ అక్క


హోము వెనక సందు,
కుట్టుమిషను గది

భయాల బుట్ట మా అక్కకి,

ఊచలున్నాయి. గాలి రావట్లేదు. చెప్పు నేనే కుట్టా. పాలు వేడిగానే ఇస్తున్నారు, బావ తాగుతున్నాడు, మీగడ వేలితో తీసి మంచం కోడుకి రాస్తున్నాడు. ఎవరూ కట్టెయ్యలేదు. ఇక ఊపిరి పీల్చుకో.

స్నానం సంగతి దాచి లాభం లేదు. చెయ్యట్లేదు. ఇక్కడి ఆయా మనిషి ఏనుగంత, మనసు మంచిదే. బకెట్టు తెచ్చేసరికి బావ గోడకి అంటుకుపోతాడు. నేను బతిమాలితే "మరదలు పిల్లా, నువ్వు కూడా వీళ్ళతో కలిశావా" అన్నాడు. నన్ను గుర్తుపట్టాడని సంతోషించాలో, తిట్టాడని ఏడవాలో తెలియలేదు. హోము వాళ్ళిచ్చిన గులాబీ సబ్బు కిటికీలోంచి విసిరితే వార్డెను స్కూటరు అద్దానికి తగిలింది. ఆయన గురి మాత్రం ఏం తగ్గలేదే అక్కా!

పక్క మంచాల వాళ్ళు వాసనంటున్నారు. ఈ ఎండలు తగ్గేలోగా దారికి రాకపోతే వెనక బ్లాకులోకి మారుస్తామని వార్డెను చెప్పాడు. వెనక బ్లాకు చూశాను. తలుపులకి బయట గడియ. మందిచ్చి పడుకోబెట్టి పైపుతో నీళ్ళు కొడతారు. మనల్ని లోపల కూర్చోనివ్వరు. నువ్వు కంగారు పడతావని తెలుసు, అయినా చెప్పకుండా ఎలా?

నీ కాలెలా ఉంది? దాని గురించి ఒక్క ముక్కా సరిగ్గా రాయవేం?

చెల్లి


కింది వాటా

చెల్లికి,

ఆ గడియ మాట చదివినప్పట్నించి నా కాళ్ళూ చేతులూ ఆడట్లేదు. కాలు ఎలాగూ ఆడదనుకో.

ఒక ఆలోచన వచ్చింది. నవ్వకు. మేడమీద సబ్బులావిడ తెలుసుగా, ఇంట్లోనే పొయ్యి వెలిగించకుండా సబ్బులు చేసి అమ్ముతుంది. నన్ను చూడ్డానికి దిగి మాటల్లో, బీరుతో కూడా చేస్తాం పిన్నిగారూ, నురగ మెత్తగా వస్తుంది అంది. బీరనగానే నాకు మీ బావ చొక్కా ముక్కుకి తగిలినట్టయింది. బతుకంతా బీరు ఫ్యాక్టరీలో గింజలు ఉడికించే గంగాళాలు కలిపిన మనిషి. ఒక్క గుక్క తాగి ఎరగడు, వాసన మాత్రం చర్మంలోకి ఇంకిపోయింది. ఆ గులాబీ ఆయనకి ఎవరిదో పరాయి వాసన. అందుకే విసిరారు. తన వాసన తనకి తగిలితే ఒళ్ళు తనదేనని గుర్తొస్తుందేమో.

ఫ్యాక్టరీలో మూతలు బిగించే మెషీను చూసేవాడు, మూతలాయన, ఆయన చేత బీరు తెప్పించా. సంచిలో కూరగాయల కింద దాచి తెచ్చాడు. పక్కింటావిడ చూడనే చూసింది. "కాలు నొప్పికి పనిచేస్తుందా వదినా" అని అడిగింది. వీధిలో నా పరువు పోయింది.

మొదటిసారి పాడుచేశాను. సబ్బులావిడ చెప్పింది, సీసా మూత తీసి వదిలెయ్యండి, గ్యాసు పూర్తిగా పోవాలి అని. తీశాను. తీసి చూస్తే గోడ మీద బల్లి. అందులో పడితే? ఆ నీళ్ళు ఆయన ఒంటికి రాస్తే? మళ్ళీ మూత పెట్టా. బల్లి వెళ్ళాక తీశా. చీమలొచ్చాయి, మళ్ళీ పెట్టా. ఇలా రోజంతా తీస్తూ పెడుతూనే ఉన్నా. ఆవిడతో మాత్రం తీసే ఉంచానని చెప్పా. కాస్టిక్ సోడా చిటికెడు పడగానే గిన్నెలో బీరు బుస్సుమని లేచి, పొంగి, గట్టంతా పారింది. సబ్బులావిడ నన్ను స్టూలుతో సహా వెనక్కి లాగేసింది. నాకేం కాలేదు. చేతులకి తొడుగులు, కళ్ళకి అద్దాలు ఉన్నాయి. గట్టు మీద రంగు మాత్రం పోయింది. ఇంటివాళ్ళకి ఏం చెప్పాలో తెలియట్లేదు.

మళ్ళీ చేస్తా. నువ్వు వార్డెనుని ఆపు.

మీ అక్క


కుట్టుమిషను గది

అక్కా,

నీకు మతి పోయిందా? తుంటి విరిగి కూర్చుని కాస్టిక్ సోడాతో ఆటలా? మొఖం మీద పడుంటే? బల్లి పడుతుందని భయపడ్డావుగానీ ఆ భయం మాత్రం లేకపోయిందా నీకు? చదివి తిట్టుకున్నా, తర్వాత ఒక్కదాన్నే పడీపడీ నవ్వా. మూత పెట్టడం, తియ్యడం, మళ్ళీ పెట్టడం! చిన్నప్పుడు అమ్మ పాలు తోడు పెడితే గడియకోసారి ఎత్తి చూసి పాడుచేసేదానివి, ఇప్పుడూ అంతే.

వార్డెను కూతురికి గౌను కుట్టిచ్చా. అందుకని కాస్త మెత్తబడ్డాడు. బావ నిద్రలో ఉండగా ఆయా, నేను తడిగుడ్డతో తుడుస్తున్నాం. వీపు దాకా వెళ్ళేసరికి మెలకువొచ్చి అరుస్తాడు. ఆ అరుపు విని రెండు వరసల అవతలి ముసలాయన కూడా అరుస్తాడు. ఇలా ఎన్నాళ్ళో లాగలేం.

చేస్తే చెయ్యి. ఆవిడ పక్కనుంటేనే చెయ్యి. నీ అనుమానాలన్నీ ముందు ఆవిడకి చెప్పు, నువ్వే తీర్చుకోకు.

చెల్లి


కింది వాటా

చెల్లికి,

ఈసారి కుదిరింది. కుదిరిందనే అనుకుంటున్నా. పూర్తిగా నమ్మకం లేదు.

బీరు వెడల్పు గిన్నెలో పోసి పల్చటి బట్ట కట్టి వదిలేశాం. బల్లి వస్తుందేమోనని పక్కనే కూర్చుని కాపలా కాశా, మూత జోలికి మాత్రం పోలేదు. తర్వాత సన్నని సెగ మీద కాచాం. సబ్బులావిడ చాలంటే ఇంకాస్త అన్నా, వాసన చిక్కబడాలని. చల్లార్చి ఫ్రిజ్‌లో గడ్డ కట్టించాం. ఆ గడ్డల మీద కాస్టిక్ సోడా కొంచెం కొంచెం చల్లుతుంటే కరిగి నారింజ రంగుకొచ్చింది. అబ్బా, అప్పుడు కొట్టిన కంపు! తడిసిన కుక్కని కుంపటి దగ్గర కూర్చోబెట్టినట్టు. ఈ కంపు ఆయనకి పంపనా అని ఏడుపొచ్చింది. అది పోతుంది పిన్నిగారూ, ఓపిక పట్టండి అంది. నూనెల్లో పోసి, గరిటె ఎత్తితే పైన గీత నిలిచేదాకా తిప్పాం. పాల డబ్బాలో పోసి మర్నాడు ముక్కలు కోశాం. బెల్లం రంగు.

ఇప్పుడు గూట్లో ఆరుతున్నాయి. నెల దాటి పైన ఇంకో పక్షం ఆరాలిట, లేకపోతే ఒళ్ళు మండుతుందిట. నాలుక తగిలించి చూస్తే చురుక్కుమంటుంది. రోజూ చూడకండి అంటుంది, నేను చూస్తూనే ఉన్నా. ఎండుసబ్బుకి వాసనే లేదు. చెయ్యి తడిపి రుద్దితే, చాలా పల్చగా, ఉంది. డ్యూటీ నుంచి వచ్చి పెరటి గుమ్మంలో నుంచున్నప్పటి వాసన.

నీకు తెలియదేమో, ఆయన ఎప్పుడూ వీధి గుమ్మంలోంచి ఇంట్లోకి రాలేదు. పెరట్లోకి వచ్చి కుళాయి దగ్గరే స్నానం చేసేవారు. నేను గడప లోపల తువ్వాలు పట్టుకుని నుంచునేదాన్ని. తర్వాతి సంగతి నీకెందుకులే. ఈ వయసులో రాయడానికి సిగ్గు.

కాలు బాగానే ఉంది. వచ్చే నెల అంటున్నారు.

మీ అక్క


కుట్టుమిషను గది

అక్కా,

సబ్బులు అందాయి. బావ స్నానం చేశాడు. తనంతట తనే చేశాడు. తడిపి చేతికిస్తే వాసన చూసి, లేచి, చొక్కా విప్పి కుళాయి ఎక్కడని అడిగాడు. ఆయా ఏడ్చేసింది. వార్డెను ఇక వెనక బ్లాకు మాట ఎత్తనన్నాడు.

సబ్బు తొందరగా అరుగుతోంది. ఉంటే ఇంకొన్ని పంపు.

చెల్లి


కింది వాటా

చెల్లికి,

నీ ఉత్తరం చేతిలో పెట్టుకుని మేడమీదికి వినపడేట్టు సబ్బులావిడని కేకేశా. ఆవిడ ఏమైందోనని చెప్పులు లేకుండా దిగొచ్చింది. ఇద్దరం ఏడ్చాం. మూతలాయన వచ్చి, స్నానం చేసినందుకు ఇంత ఏడుపైతే చెయ్యకపోయినా బాగుండేది కదమ్మా అన్నాడు.

ఇంకొన్ని పంపుతున్నా. ఇంకో విడత గూట్లో ఆరుతోంది.

కానీ నువ్వు ఇంత చిన్న ఉత్తరం ఎందుకు రాశావు? ఒక్క వేళాకోళం లేదు. నన్ను ఏ బుట్టా అనలేదు. సబ్బు అంత తొందరగా ఎలా అరుగుతుంది? ఇక్కడ నేను ఒక ముక్క వాడుతూనే ఉన్నా, ఇంకా చేతినిండా ఉంది. నీళ్ళల్లో వదిలేస్తున్నారా? ఎవరైనా తీసుకుపోతున్నారా? ఆయనకి ఒళ్ళు మండుతోందా? నేను నాలుకతో చూసే పంపాను, చురుకు లేదు. ఆయన తింటున్నారా ఏమిటి సబ్బు? చెప్పవే. నువ్వు చెప్పకపోతే నేను ఊహించుకునేది ఇంకా ఘోరంగా ఉంటుంది, నా సంగతి నీకు తెలుసు.

మీ అక్క


కుట్టుమిషను గది

అక్కా,

తినట్లేదు. ఎవరూ తీసుకుపోవట్లేదు. నీ సబ్బులో లోపం లేదు.

ఆయన స్నానం ఆపట్లేదు.

పొద్దున చేస్తాడు. తువ్వాలు చుట్టుకుని హాలు గుమ్మం దాకా వస్తాడు. గడప దాటడు. బయటే నుంచుని ఎవరు కనపడితే వాళ్ళకి మెడ వంచి చూపిస్తాడు. "చూడు, పోయిందా?" అంటాడు. ఆయా పోయింది తాతా, లోపలికి రా అంటుంది. నమ్మడు. నేను పోయింది బావా అన్నా నమ్మడు. "అది ఒప్పుకోదు, ఇంకా ఉంది" అని మళ్ళీ కుళాయి దగ్గరికి వెళ్ళి మళ్ళీ రుద్దుకుంటాడు. భోజనాల వేళ దాటిపోతుంది. సాయంత్రమయ్యేసరికి గడప బయట తడి తువ్వాలుతో కూర్చుని వణుకుతుంటాడు. బలవంతాన లోపలికి లాగాలి. లాగితే మళ్ళీ అవే అరుపులు. మెడ వెనక చర్మం లేచిపోయింది అక్కా. మందు రాస్తే మందు వాసనొస్తోందని అదీ కడిగేస్తాడు.

నీ సంతోషం పాడుచెయ్యలేక రాయలేదు. సబ్బు ఆపేద్దామంటే మళ్ళీ మొదటికొస్తుంది, ఇస్తే ఇలా ఉంది. వార్డెను నిన్న వెనక బ్లాకు తాళాలు చేత్తో తిప్పుతూ మాట్లాడాడు.

"అది" అంటే నువ్వే. నీ మాట కోసమే చూస్తున్నాడు. నీకు దణ్ణం పెడతా, ఒక్కసారి రా. కారు మాట్లాడతా, పడుకోబెట్టే తీసుకొస్తా. వచ్చే నెల వచ్చే నెల అని ఎన్ని నెలలు రాస్తావు?

చెల్లి


కింది వాటా

చెల్లికి,

నేను రాలేను. వచ్చే నెల కాదు, ఏ నెలా కాదు. ఎముక అతకలేదు. లోపల చీము పట్టింది, కోసి శుభ్రం చేసినా మళ్ళీ పడుతోంది. కారులో కుదుపుకి బతకననే డాక్టరు మొహం మీదే చెప్పాడు. బతకకపోతే పోయింది, వెళ్తానన్నా. దారిలోనే పోతే ఆయన దగ్గరికి చేరేది ఎవరమ్మా అన్నాడు. నీకు రాస్తే మిషను వదిలేసి నా దగ్గరికి పరుగెత్తుకొస్తావు, అక్కడ ఆయన ఒక్కరూ అయిపోతారు. అందుకని వచ్చే నెల అని రాస్తూ వచ్చా. కోప్పడు, ఫరవాలేదు.

సిగ్గని ఆపేసిన సంగతి ఇప్పుడు రాస్తున్నా. జాగ్రత్తగా చదివి అలాగే చెయ్యి.

పెళ్ళైన కొత్తలో ఆయన డ్యూటీ నుంచి రాగానే ఆ వాసనకి నేను గడపకి అడ్డంగా నుంచుని "ఎవరండీ మీరు? మా ఆయన ఇంకా ఇంటికి రాలేదు, తర్వాత రండి" అన్నాను. వేళాకోళానికి. ఆయన వెళ్ళి కుళాయి కింద కూర్చున్నారు. వచ్చి మెడ వంచారు. ఎడమ చెవి కింద వాసన చూశా. ముక్కు చిట్లించి, "ఊహూ, మా ఆయన కాదు" అన్నా. మళ్ళీ వెళ్ళారు. అలా మొదలైంది. తర్వాత రోజూ అదే ఆట. కోపాలొచ్చి మాటల్లేని రోజుల్లో కూడా ఆ ఒక్కటీ మానలేదు. చూసి, ఆగి, "ఆ, మా ఆయనే. రండి లోపలికి" అనాలి. అప్పుడే గడప దాటేవారు. పోయిందని చెబితే చాలదే. తనెవరో చెప్పాలి ఆయనకి.

మొదటిసారి ఆయన నన్ను "ఎవరు నువ్వు" అన్నప్పుడు నేను నవ్వాను తెలుసా. నా ఆట నాకే అప్పజెబుతున్నారనుకున్నా. "మీ ఆవిడ ఇంకా రాలేదండీ" అని కూడా అన్నా. ఆయన నవ్వలేదు.

నువ్వు గడప లోపల నుంచో. పొడి తువ్వాలు రెండు చేతులతో పట్టుకో. చెవి కింద వాసన చూడు, కుడిది కాదు, ఎడమది. వెంటనే చెప్పకు, కాస్త ముక్కు చిట్లించి బెట్టు చెయ్యి. తర్వాత ఆ మాట అను. మన గొంతులు ఒక్కలాగే ఉంటాయని అమ్మ అనేది, అందుకే నీకు చెబుతున్నా, ఆయాకి చెప్పకు. నిన్ను నేననుకుంటే అనుకోనీ. కాదని చెప్పకు. మరదలు పిల్లనని చెప్పకు.

జుట్టు తడిగా ఉంటే ఫ్యాను వెయ్యకండి.

మీ అక్క


కుట్టుమిషను గది

అక్కా,

నువ్వు చెప్పినట్టే చేశాను. ముక్కు చిట్లించాను. బావ ఊపిరి బిగబట్టి నుంచున్నాడు, పరీక్ష రాసిన పిల్లాడిలా. ఆ మాట అన్నాను. నీ గొంతులా వచ్చిందో లేదో తెలియదు.

గడప దాటాడు. తువ్వాలు తీసుకుని నా నెత్తి మీద ఒక్కటి మొట్టి, "ఏమేవ్, ఇవాళ ఇంతసేపు నుంచోబెట్టావేంటే" అన్నాడు. నన్ను ఎప్పుడూ అలా పిలవలేదు. అది నీ పిలుపు. కూర్చుని కంచం ఖాళీ చేశాడు. పడుకున్నాడు. ఇప్పుడు రోజుకి ఒక్కటే స్నానం. మెడ మానుతోంది. వార్డెను తాళాలు కనపడటం లేదు.

నిన్న నీ ఫొటో చూపించా, మనసాగక. చాలాసేపు చూసి, "ఈవిడెవరు, మీ అక్కా?" అన్నాడు.

నువ్వు చెప్పినట్టే, కాదనలేదు. అవునన్నాను. నన్ను క్షమించవే.

చెల్లి


కింది వాటా

చెల్లికి,

క్షమించడానికేముంది. తిన్నారు కదా. పడుకున్నారు కదా. మెడ మానేదాకా కాలరున్న చొక్కా వెయ్యకు, రాసుకుంటుంది. ఆయన మొట్టిన చోట నొప్పి పెట్టిందా? గట్టిగానే మొడతారు.

ఫొటో ఇంకెప్పుడూ చూపించకు. రెండు ముఖాలైతే కంగారు పడతారు.

కొత్త సబ్బులు ఆరాయి, మూతలాయన తీసుకొస్తాడు. తయారీ అంతా సబ్బులావిడకి మళ్ళీ మళ్ళీ చెప్పి పెట్టా. తర్వాత కూడా ఆవిడే చేసి పంపుతుంది, మూత పెట్టకుండా. నువ్వు దాని గురించి దిగులు పెట్టుకోకు.

ఇవాళ కాస్త ఓపికగా ఉంటే ఆవిడ నన్ను పెరట్లో కుర్చీ వేసి కూర్చోబెట్టింది. కుళాయి దగ్గర ఆ సబ్బుతోనే మెడ రుద్దుకున్నా. తడిసేసరికి ఆయన వాసనొచ్చింది. కడిగా. పోయిందో లేదో మన మెడ మనకి తెలియదు కదే. గడప బయట కూర్చుని ఎదురుచూశా. లోపల ఎవరూ లేరు. సబ్బులావిడ వచ్చి, చలిగాలి పిన్నిగారూ లోపలికి పదండి అంది. ఇంకాస్సేపు ఉంటానన్నా.

మీ అక్క